కింగ్ ప్లేట్లు: ఆస్ట్రేలియా ఆదివాసుల మెడలో ఇత్తడి బిళ్లలు

ఆస్ట్రేలియాను వలసగా చేసుకున్న బ్రిటిష్ పాలకులు, అక్కడ గొర్రెల మందలు పెంచిన భూస్వాములు, కొన్నిచోట్ల ఊరి పెద్దలు, ఆదివాసుల్లో కొందరికి పేరు చెక్కించి ఇచ్చిన లోహపు బిళ్లలే కింగ్ ప్లేట్లు. గొలుసుతో మెడలో వేసుకుంటే రొమ్ము మీద వాలతాయి. చాలావరకు నెలవంక ఆకారంలో, ఇత్తడితో చేసినవి. మొదటిదాన్ని 1815లో సిడ్నీలో ఇచ్చారు. ఆ తర్వాత వందేళ్ల దాకా, ముఖ్యంగా ఇప్పటి న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్, విక్టోరియా రాష్ట్రాల్లో ఈ ఆనవాయితీ నడిచింది. బిళ్ల మీద మామూలుగా మూడే సంగతులుంటాయి: మనిషి పేరు, ‘రాజు’ అనో ‘చీఫ్’ అనో ఒక బిరుదు, ఆ రాజరికం ఎక్కడిదో చెప్పే చోటు పేరు. పేరు చాలాసార్లు తెల్లవాళ్లు తమ నోటికి వీలుగా పెట్టుకున్నది. బిరుదు ఆ సమాజంలో లేనే లేని పదవి. మూడింటిలో నిఖార్సయిన నిజం చోటొక్కటే. సరిగ్గా ఆ చోటే అప్పటికి ఆ మనిషి చెయ్యి దాటిపోతూ ఉండేది.

సైన్యం నుంచి వచ్చిన వస్తువు

ఈ బిళ్లకు మూలం యూరప్ సైనికుల కవచం. మధ్యయుగాల యోధులు గొంతుకు దెబ్బ తగలకుండా కట్టుకున్న ఇనప తొడుగును గార్జెట్ అనేవారు. తుపాకులొచ్చాక కవచాల పని అయిపోయింది గానీ గార్జెట్ మాత్రం చిక్కి చిక్కి, పద్దెనిమిదో శతాబ్దానికి అధికారుల మెడలో వేలాడే నెలవంక బిళ్లగా మిగిలింది. విధి నిర్వహణలో ఉన్న అధికారి ఎవరో సిపాయిలకు తెలియడానికే అది. ఉత్తర అమెరికాలో బ్రిటిష్‌వాళ్లు తమతో చేతులు కలిపిన తెగల నాయకులకు ఇలాంటి గార్జెట్లూ పతకాలూ ఇస్తూ వచ్చారు. బ్రిటిష్ సైన్యం 1830లో గార్జెట్‌ను రద్దు చేసింది. ఆస్ట్రేలియా ఆదివాసుల మెడల్లో అది ఆ తర్వాత కూడా తరాల పాటు ఉండిపోయింది. దొరలు తీసి పక్కన పెట్టిన అలంకారం ఇక్కడ రాజచిహ్నమైంది.

దీన్ని ఆస్ట్రేలియాకు తెచ్చిన గవర్నర్ లాక్లన్ మక్వారీ వృత్తిరీత్యా సైనికుడు. కుర్రతనంలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో అక్కడ కొలువు చేశాడు. 1788లో బొంబాయిలో దిగి, శ్రీరంగపట్నం ముట్టడులతో సహా టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నాడు. 1795లో కొచ్చిన్‌లో ఇద్దరు పిల్లల్ని బానిసలుగా కొన్నాడు. వాళ్లలో జార్జ్ జార్విస్ అని పేరు పెట్టిన కుర్రాడు ఆ తర్వాత ఆయన వెంట సిడ్నీకి కూడా వెళ్లాడు. దయగల గవర్నరుగా చరిత్రలో పేరున్న మక్వారీ దయ ఏ కొలతలదో తెలియడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన వైపు కచేరీల్లో బిళ్ల బంట్రోతు ఉండేవాడు. అతని ఇత్తడి బిళ్ల వెనక సర్కారు జీతముంది, ఏ దొర కచేరీ మనిషో చెప్పే అధికారముంది. ఆస్ట్రేలియా బిళ్ల అంతకన్నా చాలా పెద్ద మాట అంది, రాజు అంది. దాని వెనక జీతమూ లేదు, అధికారమూ లేదు.

మొదటి బిళ్ల

1814 డిసెంబరు 28న మక్వారీ చుట్టుపక్కల ఆదివాసులందరినీ సిడ్నీ దగ్గర పారమాటాకు పిలిచి విందు ఇచ్చాడు. ఆ తర్వాత ఏటా జరిగిన విందులకు అది మొదటిది. గుంపుకొక నాయకుణ్ణి ఎంచుకుంటే తాను ఆమోదించి, గుర్తుగా బిళ్ల ఇస్తానన్నది ఆయన ఆలోచన. పిల్లల కోసం ఒక బడి, పెద్దల కోసం వ్యవసాయం కూడా ఆ పథకంలో భాగమే. బడి 1815 జనవరిలో పారమాటాలో తెరిచారు. అదే నెల 31న, తన పుట్టినరోజు నాడు, సిడ్నీ రేవు ఉత్తరపు ఒడ్డున జార్జెస్ హెడ్ దగ్గర పదహారు ఆదివాసీ కుటుంబాలకు గుడిసెలు, పనిముట్లు, విత్తనాలు ఇచ్చి వాళ్లకు పెద్దగా బుంగరీని నిలబెట్టాడు. బుంగరీ మెడలో వేసిన ఇత్తడి బిళ్ల మీద బ్రోకెన్ బే తెగ చీఫ్ అని, 1815 అని చెక్కి ఉంది.

బుంగరీ ఎవరి బిళ్లా అవసరం లేని మనిషి. సిడ్నీకి ఉత్తరాన ఉన్న బ్రోకెన్ బే నుంచి వచ్చాడు. 1799లో నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌తో ‘నార్ఫోక్’ ఓడలో తూర్పు తీరం వెంట ఉత్తరానికి వెళ్లాడు. 1801 నుంచి 1803 వరకు సాగిన ‘ఇన్వెస్టిగేటర్’ యాత్రలో ఖండాన్ని పూర్తిగా చుట్టి వచ్చాడు. అలా చుట్టి వచ్చిన తొలి ఆదివాసి ఆయనే. 1817లో ఫిలిప్ పార్కర్ కింగ్ ‘మెర్మెయిడ్’లో బయల్దేరినప్పుడు మళ్లీ ఓడెక్కాడు. కొత్త తీరంలో దిగినప్పుడు అక్కడి భాష ఆయనకూ రాదు. అయినా ఆయుధం పక్కన పడేసి, ఒంటరిగా ముందుకు నడిచి, ఎదుటివాళ్లతో మాట కలపడం ఆయన వంతు. ఆ ఓడల్లో ఆ పని చేయగలవాడు మరొకడు లేడు.

వ్యవసాయం నిలవలేదు. ఆ కుటుంబాలు మళ్లీ చేపల వేటకే వెళ్లాయి. బిళ్ల మాత్రం నిలిచింది. రేవులోకి ఏ ఓడ వచ్చినా బుంగరీ పడవలో ఎదురెళ్లి, పైకెక్కి, టోపీ తీసి వంగి, తన దేశానికి స్వాగతం పలికేవాడు. ఆ మర్యాదకు ప్రతిఫలంగా ఏదో ఒకటి ఇమ్మనేవాడు. తెల్లవాళ్ల రాతల్లో దీన్ని ఎక్కువగా బిచ్చమనీ వినోదమనీ చెప్పారు. తన రేవులో లంగరు వేసిన ఓడ నుంచి ఇంటి యజమాని తీసుకునే సుంకంలాగే ఆయన దాన్ని చూశాడేమో అనిపిస్తుంది. గవర్నర్ల నడకను, మాట తీరును అచ్చంగా అనుకరించి చూపేవాడని కూడా పేరు.

1826 ప్రాంతంలో అగస్టస్ ఎర్ల్ వేసిన తైలవర్ణ చిత్రం ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ లైబ్రరీలో ఉంది. వెనక సిడ్నీ రేవు, ముందు బుంగరీ. ఒంటి మీద పాత ఎర్ర సైనిక కోటు. చేత్తో టోపీ పైకెత్తి పలకరిస్తున్నాడు. కోటు గుండీలు పెట్టుకోని చోట, రొమ్ము మీద నెలవంక బిళ్ల మెరుస్తోంది. దొరల బొమ్మల్లో కనిపించే గంభీరమైన భంగిమ, పక్కనే దొరలు వదిలేసిన బట్టలు. చిత్రకారుడు గౌరవిస్తున్నాడో నవ్వుతున్నాడో రెండు వందల ఏళ్లుగా తేలలేదు. బుంగరీ 1830 నవంబరు 24న గార్డెన్ ఐలాండ్‌లో చనిపోయాడు. ఆయన భార్యల్లో ఒకరైన కోరా గూస్‌బెర్రీకి కూడా బిళ్ల ఉండేది. దాని మీద సిడ్నీకి, బోటనీకి రాణి అని రాసి ఉంది. ఆమె నగరంలోనే వీధుల్లో తిరుగుతూ బతికి 1852లో చనిపోయింది. ఆ బిళ్లా, ఆమె తాగిన మగ్గూ న్యూ సౌత్ వేల్స్ స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి.

1816: బిళ్ల, భూమి

రెండో ఏడాదికే బిళ్లకు ఇంకో పని పడింది. సిడ్నీకి నైరుతి దిక్కున భూముల కోసం ఘర్షణలు ముదిరి, మక్వారీ సైన్యాన్ని పంపాడు. 1816 ఏప్రిల్ 17న ఆపిన్ దగ్గర రాత్రి వేళ సైనికులు ఒక శిబిరం మీద పడ్డారు. కాల్పుల్లో కొందరు, తప్పించుకోబోయి కొండ అంచు నుంచి లోయలో పడి మరికొందరు, కనీసం పద్నాలుగు మంది చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. మే 4న వచ్చిన ప్రకటన ప్రకారం ఆయుధం పట్టుకున్న ఆదివాసి ఊరికి మైలు దూరంలోకి రాకూడదు. ఆరుగురికి మించి గుంపుగా తిరగకూడదు. బుద్ధిగా ఉంటామని ఒప్పుకున్నవాళ్లకు అనుమతి పత్రాలిస్తారు. సైన్యానికి దారి చూపి సాయపడినవాళ్లకు ఆ ఏడాదే బహుమతులందాయి. కిస్సింగ్ పాయింట్ తెగ చీఫ్‌గా బిడ్జీ బిడ్జీకి, సౌత్ క్రీక్ తెగ చీఫ్‌గా నురాజింజీకి బిళ్లలొచ్చాయి. ఒకే గవర్నరు, ఒకే ఏడాదిలో, ఒక చేత్తో తుపాకీ, మరో చేత్తో బిళ్ల. ఈ రెండింటినీ విడివిడిగా చూసి మక్వారీని మంచివాడనో చెడ్డవాడనో తీర్పు చెప్పడం తేలిక. ఆయన లెక్కలో మాత్రం అవి రెండూ ఒకే విధానం.

నురాజింజీకి బిళ్లతో పాటు అరుదైనది ఇంకొకటి దక్కింది. ఆయనకు, కోల్బీ అనే మరో దారుగ్ తెగ మనిషికి కలిపి రిచ్‌మండ్ రోడ్డు పక్కన 30 ఎకరాలిస్తామన్నారు. పట్టా 1819లో కోల్బీ పేరు మీద నమోదైంది. కోల్బీ చెల్లెలు మరియా పారమాటా బడిలో చదివింది. 1824లో రాబర్ట్ లాక్ అనే శిక్షాఖైదీని పెళ్లాడింది. అన్న పోయాక ఆ భూమి తనదేనని 1831లో అర్జీ పెట్టుకుంది. పన్నెండేళ్లు పట్టినా 1843లో సాధించింది. ఆమె సంతానం తరతరాలుగా అక్కడే బతికింది. 1920 ప్రాంతంలో ఆదివాసుల సంరక్షణ బోర్డు ఆ నేలను తన కింది రిజర్వుగా లెక్కగట్టి రద్దు చేసింది. రొమ్ము మీది బిళ్లను తిరిగి ఇచ్చెయ్యమని ఏ సర్కారూ అడిగినట్టు కనపడదు.

లేని రాజులు

ఆస్ట్రేలియా ఆదివాసీ సమాజాల్లో వంశపారంపర్య రాజులు లేరు. పెళ్లి సంబంధాలు, క్రతువులు, నేల మీద హక్కులు, తగాదాల పరిష్కారం, వీటన్నిటికీ పెద్దలున్నారు. ఏ విషయంలో ఎవరి మాట చెల్లుతుందో వయసును, జ్ఞానాన్ని, చుట్టరికాన్ని బట్టి ఉంటుంది. ఒక క్రతువుకు పెద్ద అయినవాడు ఇంకో విషయంలో నోరెత్తకపోవచ్చు. చాలా తెగల్లో మగవాళ్లు దీక్ష పొందిన గుర్తుగా రొమ్ము మీద వరసగా గాట్లు పెట్టించుకునేవారు. చదవగలిగినవాళ్లకు ఆ మనిషి స్థానమేమిటో ఆ మచ్చలే చెప్పేవి. సరిగ్గా ఆ మచ్చల మీదే ఇత్తడి బిళ్ల వచ్చి కూర్చుంది.

తెల్లవాళ్లకు కావలసింది మాట్లాడటానికి ఒక మనిషి. పదిమంది పెద్దలతో పది రకాలుగా సర్దుబాటు చేసుకోవడం కంటే ఒకణ్ణి రాజని పిలిచి, అతని ద్వారా పని జరిపించుకోవడం సుళువు. కొందరు నిజంగానే తమవాళ్లలో గౌరవమున్న పెద్దలకే బిళ్లలిచ్చారు. మరికొన్నిచోట్ల ఇంగ్లిష్ నాలుగు ముక్కలు వచ్చినవాడికో, తమ మాట వినేవాడికో ఇచ్చారు. అప్పుడు బిళ్ల ఉన్నవాడు, పెద్దరికం ఉన్నవాడు వేర్వేరు మనుషులయ్యారు.

గొర్రెల స్టేషన్లలో

1830ల నుంచి గొర్రెల మందలు లోపలి ప్రాంతాలకు విస్తరించాయి. అనుమతి లేకుండానే వేల ఎకరాలు ఆక్రమించుకున్న ఈ భూస్వాములను స్క్వాటర్లు అనేవారు, వాళ్ల క్షేత్రాలను స్టేషన్లు అనేవారు. బిళ్లలివ్వడం గవర్నర్ల చేతుల్లోంచి వీళ్ల చేతుల్లోకి మారింది. తరచు ఫలానా స్టేషన్‌కు రాజు అని స్టేషన్ పేరే చెక్కించేవారు. తన నేలకు కొత్త యజమాని పెట్టిన పేరునే ఆ మనిషి మెడలో వేసుకుని తిరగాలి. ఇది హింస లేని కాలమేమీ కాదు. 1838 జూన్‌లో మయాల్ క్రీక్ స్టేషన్‌లో కనీసం 28 మంది ఆదివాసులను ఊచకోత కోశారు. ఆ నేరానికి ఏడుగురు తెల్లవాళ్లను ఉరి తీయడం ఆ కాలంలో అపురూపం. 1851లో బంగారం బయటపడి కూలీలంతా గనులకు పరుగెత్తినప్పుడు గొర్రెలు కాయడానికి ఆదివాసులే దిక్కయ్యారు. కూలీలను కుదిర్చిపెట్టే ‘రాజు’కు అప్పుడు గిరాకీ పెరిగింది.

తొలినాళ్ల బిళ్లలు చేయి తిరిగిన చెక్కుడు పనివాళ్లవి. తర్వాతవి ఎక్కువగా ఊరి కంసాలి, కమ్మరి పనితనం. అక్షరాలు వంకరపోయి, పదం చివర చోటు చాలక ఇరుక్కుని ఉంటాయి. నెలవంకే ఎక్కువ, దీర్ఘచతురస్రం, గుండె ఆకారం కూడా దొరుకుతాయి. రాతకు ఒక పక్క కంగారూ, మరో పక్క ఈము పక్షి బాగా అలవాటైన అలంకారం.

శౌర్యానికి ఇచ్చినవి

కొన్ని బిళ్లలు రాజరికం గురించి కాదు, చేసిన పని గురించి. వీటిలో పేరున్నది వెండి బిళ్ల. హంటర్ లోయలోని మస్వెల్‌బ్రూక్ ప్రాంతానికి చెందిన గల్‌మర్రాను తెల్లవాళ్లు జాకీ జాకీ అన్నారు. 1848లో ఎడ్మండ్ కెన్నెడీ కేప్ యార్క్ ద్వీపకల్పాన్ని సర్వే చేయడానికి పదమూడు మంది బృందంతో వెళ్లినప్పుడు అతను అందులో ఒకడు. ఆకలి, జ్వరాలు, దూరలేని అడవి. జబ్బుపడినవాళ్లను దారిలో రెండు చోట్ల వదిలి, డిసెంబరుకు గమ్యం దగ్గరలో మిగిలింది ఇద్దరే. ఎస్కేప్ నది దగ్గర అక్కడి తెగవాళ్ల ఈటెలకు కెన్నెడీ గల్‌మర్రా చేతుల్లోనే ప్రాణం వదిలాడు. అతన్ని పాతిపెట్టి, కాగితాలు దాచి, వెంటాడుతున్నవాళ్ల కళ్లుగప్పి, గల్‌మర్రా ఒంటరిగా కేప్ యార్క్ చేరి ‘ఏరియల్’ ఓడకు కబురందించాడు. మొత్తం బృందంలో బతికి బయటపడింది ముగ్గురు. వెనక వదిలిన శిబిరంలో ఇద్దరైనా మిగిలారంటే అతని వల్లే.

గవర్నర్ ఫిట్జ్‌రాయ్ ఇచ్చిన ఆ వెండి బిళ్ల మీద సన్నటి అక్షరాలతో పెద్ద పేరాయే ఉంది. విశ్వాసం, సాహసం, చనిపోతున్న యజమానికి చేసిన సేవ, తెలియని నేల మీద చూపిన తెలివి, అన్నీ వరసగా పొగిడారు. మొత్తం కథ యజమానిని అంటిపెట్టుకున్న నౌకరు కథ. ఎవరికీ దారి తెలియని చోట ఆ యాత్రను చివరి రోజుల్లో నడిపింది గల్‌మర్రా అన్న మాట అందులో లేదు. అతను 1854లో ఆల్బరీ దగ్గర, పశువులను తోలుకెళ్తున్న ప్రయాణంలో, నెగడు మంటలో పడి చనిపోయాడు. బిళ్ల సిడ్నీలో స్టేట్ లైబ్రరీలోని మిచెల్ సేకరణలో ఉంది.

గుండగై ఊరి కథ వేరు. మర్రంబిడ్జీ నది పల్లంలో ఇళ్లు కట్టవద్దని విరాజురీ ప్రజలు ముందే హెచ్చరించినా తెల్లవాళ్లు అక్కడే ఊరు కట్టారు. 1852 జూన్ 25 రాత్రి నది ఊరిని ముంచింది. 250 మంది ఉన్న ఊళ్లో దాదాపు 80 మంది చనిపోయారు. యారీ, జాకీ జాకీ (గల్‌మర్రా కాదు, వేరే మనిషి) అనే ఇద్దరు విరాజురీలు చెట్టు బెరడుతో చేసిన దోనె మీద, చిన్న పడవ మీద, రాత్రింబగళ్లు కొమ్మలు పట్టుకు వేలాడుతున్నవాళ్లను ఒడ్డుకు చేర్చారు. ఆ దోనె మీద ఒకసారికి ఒకరో ఇద్దరో పడతారు. అలా దాదాపు 70 మందిని బతికించారు. వాళ్లకు పేర్లు చెక్కిన కంచు బిళ్లలు దక్కాయి. 2017లో ఊరి నడిమధ్య వాళ్లిద్దరి విగ్రహాలు పెట్టారు.

‘చివరివాళ్ల’ బిళ్లలు

పంతొమ్మిదో శతాబ్దం చివరికి బిళ్ల మీద రాత మారింది. 1883లో న్యూ సౌత్ వేల్స్‌లో సంరక్షణ బోర్డు ఏర్పడింది. 1897లో క్వీన్స్‌లాండ్ కూడా ఆదివాసుల సంరక్షణ పేరిట చట్టం చేసింది. మనుషులను రిజర్వుల్లోకి చేర్చి, అక్కడ మేనేజరును పెట్టాక మధ్యవర్తి రాజు అవసరం పోయింది. ‘కింగ్ బిల్లీ’ అన్నది ఏ ముసలి ఆదివాసినైనా వెక్కిరించే పిలుపుగా మిగిలింది. 1896లో ఇల్లవారాలో అన్వేషకులు బాస్, ఫ్లిండర్స్ ఆ తీరానికి వచ్చి నూరేళ్లయిన సంబరాల్లో మికీ జాన్సన్‌కు రాజుగా బిళ్ల వేసి జనానికి చూపించారు. దక్షిణ తీరంలో వల్లాగా సరస్సు దగ్గర యూయిన్ ప్రజల పెద్ద ఉంబర్రాకు బెర్మగూయి రాజు మెరిమన్ అని బిళ్ల ఉండేది. ఆ చుట్టుపక్కల జనాన్ని ఫొటోలు తీసిన విలియం కోర్క్‌హిల్ చిత్రాల్లో ఆయన కనిపిస్తాడు. ఇలా బిళ్ల పెట్టుకుని కెమెరా ముందు నిలబడ్డవాళ్ల ఫొటోలు ఎన్నో ఉన్నాయి. కొన్ని పోస్టుకార్డులుగా కూడా అమ్ముడయ్యాయి.

రైల్వే అధికారి ఎడ్మండ్ మిల్న్ ఉద్యోగం మీద తిరిగిన చోటల్లా ఆదివాసుల వస్తువులు సేకరించాడు. 1909లో ఆయనే ఉల్లాడల్లా దగ్గర కూమీ అనే వృద్ధురాలికి బిళ్ల చేయించి ఇచ్చాడు. ముర్రమరాంగ్‌లో తన తెగలో ఆఖరి మనిషి అని దాని మీద చెక్కించాడు. బతికున్న మనిషి మెడలో ఆమె జాతి సంస్మరణ ఫలకం వేసినట్టయింది. ఆ ఏడాదే ఆదివాసుల మీద బోర్డుకు విస్తారమైన అధికారాలిచ్చే చట్టం వచ్చింది. తెగలు అంతరిస్తున్నాయన్న నమ్మకం ఇచ్చినవాళ్లదే. ఆ తీరంలో యూయిన్ ప్రజలు నేటికీ ఉన్నారు. మిల్న్ సేకరించిన బిళ్లలు ఇప్పుడు కాన్‌బెర్రాలో నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉన్నాయి.

ఇప్పటి చూపు

1993లో ఈ బిళ్లల మీద రెండు ముఖ్యమైన పుస్తకాలు వెలువడ్డాయి. ‘కింగ్ ప్లేట్స్’ రాసిన జేకెలిన్ ట్రాయ్ స్వయంగా ఙారిగు ఆదివాసీ మహిళ, భాషాశాస్త్రవేత్త. ‘పాయిగ్నెంట్ రెగేలియా’ తానియా క్లియరీది. అప్పటిదాకా గాజు పెట్టెల్లో వింత వస్తువులుగా ఉన్నవాటిని వీళ్లు పత్రాలుగా చదివారు. బిళ్ల పెట్టుకున్నవాళ్లంతా అవమానంతోనే పెట్టుకున్నారనడానికీ లేదు, గర్వంతోనే అనడానికీ లేదు. తెల్లవాళ్ల ఊళ్లో తిరగడానికి, రేషను దుప్పట్ల దగ్గర నాలుగు మాటలు అడగడానికి పనికొస్తుందని వాడుకున్నవాళ్లున్నారు. చనిపోయినప్పుడు బిళ్లతో సహా పాతిపెట్టిన సందర్భాలున్నాయి. ఈనాటి ఆదివాసుల్లో కుక్క మెడకు కట్టే బిళ్ల అని అసహ్యించుకునేవాళ్లున్నారు, తాతముత్తాతల జ్ఞాపకంగా చూసుకునేవాళ్లూ ఉన్నారు. 2012లో మోస్మన్ ఆర్ట్ గ్యాలరీలో జాన్ ముండైన్ నిర్వహించిన బుంగరీ ప్రదర్శనలో ఆదివాసీ కళాకారులు ఆయనను తమ కళ్లతో మళ్లీ చిత్రించారు.

దస్తావేజుల్లో ఆదివాసుల పేర్లు దొరకడమే కష్టమైన కాలంలో, ఒక మనిషినీ ఒక చోటునూ కలిపి చెప్పే రాత ఇత్తడి మీద మిగలడం వంశవృక్షాలు వెతుక్కునే కుటుంబాలకు విలువైన ఆధారం. 1992లో మూలవాసుల భూమి హక్కును గుర్తించిన మాబో తీర్పు, మరుసటి ఏడాది నేటివ్ టైటిల్ చట్టం వచ్చాక ఇలాంటి ఆధారాలకు ప్రాధాన్యం ఇంకా పెరిగింది. మరోవైపు వేలం పాటల్లో ఇవి భారీ ధరలు పలుకుతాయి, అందుకే నకిలీలూ పుట్టాయి. ఇత్తడి రేకు, నాలుగు అక్షరాలు, రెండు చిల్లులు. చేయడం కష్టమేమీ కాదు. ఎవరి కుటుంబం నుంచి, ఏ పొలంలో దున్నుతుంటే, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పలేని బిళ్ల తెస్తే మ్యూజియం వాళ్లు ముందు అనుమానిస్తారు.